'కోతలయ్యాక చూపించుకుంటా'... అప్పటికే ఆలస్యం!

ఏటా మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులిస్తారు. కాటాలు ఆగుతాయి. టిక్కీలు మోసే ముఠా కూలీలు ఇళ్లకు వెళతారు. సరిగ్గా అప్పుడే మా ఓపీ ముందు వరుస పెరుగుతుంది. కల్లాల్లో పని తీరిన రైతులు, కాయ కోతలకు వెళ్లొచ్చిన ఆడవాళ్లు, కమీషన్ కొట్లలో గుమాస్తాలు... డిసెంబరు నుంచి వాయిదా వేసుకున్న జబ్బులన్నీ ఒక్కసారిగా తీసుకొస్తారు.

'ఎప్పటి నుంచి ఇలా ఉంది?' అని అడిగితే చాలామందిది ఒకటే జవాబు. 'సంక్రాంతి ముందు నుంచే సార్. కోతలయ్యాక చూపించుకుందామని ఆగాను.'

రెండేళ్ల కిందట అలాగే వచ్చాడు ఒక రైతు. వయసు యాభై రెండు. ఆరెకరాల మిరప. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కుడి పాదానికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. విప్పితే అరికాలు నల్లబడి ఉంది. 'నొప్పేం లేదు సార్. వాసన వస్తోందని మా ఇంటావిడ గోల చేస్తే వచ్చాను' అన్నాడు. మార్చి ఎండలో చెప్పులు విడిచి కల్లంలో కాయలు తిరగదోస్తుంటే అరికాలు బొబ్బలెక్కింది. ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు. ఇంట్లో గచ్చు మీద రక్తపు మరకలు చూసి భార్య చెబితేనే తెలిసింది. ఊళ్లో మూడు వారాలు కట్లు కట్టించుకున్నాడు. మేం పరీక్ష చేసేసరికి షుగర్ 386. అంతకుముందు ఆయన ఒక్కసారి కూడా షుగర్ పరీక్ష చేయించుకోలేదు. మొదట రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. పదిహేను రోజుల తర్వాత మోకాలి కింద వరకూ తీసేశారు.

డిశ్చార్జి రోజున ఆయన అడిగిన మాట ఇంకా నా చెవిలో ఉంది. 'ఇంతకీ నాకు షుగర్ ఎప్పుడొచ్చింది సార్?'

నిజం చెప్పాలంటే ఎనిమిదేళ్ల కిందటో, పదేళ్ల కిందటో వచ్చి ఉంటుంది. ఆ ఏళ్లలో ఏ రోజు ఒక చుక్క రక్తం పరీక్ష చేసినా బయటపడేది. ఆ కాలు ఉండేది. అందుకే ఈ వ్యాసం. మధుమేహానికి లక్షణాలు వచ్చాక వైద్యం చేయించుకోవడం ఒక పద్ధతి. లక్షణాలు రాకముందే వెతికి పట్టుకోవడం మరో పద్ధతి. మనం మొదటి దాన్నే నమ్ముకున్నాం. అక్కడే కాళ్లు, కళ్లు, కిడ్నీలు పోగొట్టుకుంటున్నాం.

చీమలు పట్టేదాకా ఆగితే...

'ఒంటికి పోసిన చోట చీమలు పట్టడం లేదు కదా, నాకు షుగర్ ఎందుకుంటుంది?' అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. మూత్రంలో తీపిని బట్టే మన పూర్వులు దీన్ని మధుమేహం అన్నారు. ఆ గమనిక గొప్పదే. కానీ ఇక్కడొక చిక్కుంది. పరగడుపున రక్తంలో గ్లూకోజు 126 మిల్లీగ్రాములు దాటితే మధుమేహం కింద లెక్క. మూత్రపిండాలు మాత్రం గ్లూకోజును అంత సులభంగా బయటికి వదలవు. చాలామందిలో అది సుమారు 180 దాటాకే మూత్రంలో కనిపిస్తుంది. అతిగా మూత్రం, అతిగా దాహం, తిన్నా బరువు తగ్గడం... ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు. అంటే చీమలు వచ్చే సమయానికి జబ్బు మన ఇంట్లో కాపురం పెట్టి చాలా కాలమై ఉంటుంది.

మిరప రైతులకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. 2021లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు ఏమైంది? పురుగు పూతలో దాక్కుంది. తోట పైకి పచ్చగానే కనిపించింది. పూత రాలిపోయాక చూసుకుంటే చేయడానికి ఏమీ మిగల్లేదు. ఆ దెబ్బ తిన్నాక పూలు విప్పి చూడటం నేర్చుకున్నాం. పైరుకు చూపించే ఆ జాగ్రత్తలో నాలుగో వంతు ఒంటికి చూపిస్తే చాలు.

మన పనుల్లో దాక్కునే లక్షణాలు

క్రోసూరు నుంచి యర్రగొండపాలెం దాకా, ఇటు పర్చూరు, ప్రత్తిపాడు వైపు... ఈ పత్తి, మిరప నేలల్లో షుగర్ లక్షణాలను గుర్తుపట్టడం ఇంకా కష్టం. ప్రతి లక్షణానికీ మన దగ్గర ఒక సాకు సిద్ధంగా ఉంటుంది.

దాహమా? ఎండ మండిపోతోంది కదా. నీరసమా? పొద్దున ఐదింటి నుంచి పొలంలోనే ఉన్నాం కదా. మర్మావయవాల దగ్గర దురదా? చెమటకీ, మిరప దుమ్ముకీ వచ్చిందేమో. అరికాళ్ల మంటలా? కాయ ఘాటు అంటుకుంది అంతే.

ఈ చివరి దాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కాయల ఘాటుకు వచ్చే మంట అది తగిలిన చోటే, ఎక్కువగా చేతులకు ఉంటుంది. నూనె రాసి, సబ్బుతో కడుక్కుంటే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. షుగర్ వల్ల నాడులు దెబ్బతిని వచ్చే మంట రెండు పాదాల్లోనూ ఉంటుంది. రాత్రి పడుకున్నాక ఎక్కువవుతుంది. కోతలు అయిపోయినా పోదు. తిమ్మిర్లు, సూదులతో గుచ్చినట్టుండటం, దూది మీద నడుస్తున్నట్టుండటం దానికి తోడవుతాయి. చివరికి మంట తగ్గిపోతుంది. 'నయమైంది' అనుకుంటారు. నాడి పూర్తిగా మొద్దుబారితే కూడా మంట తగ్గుతుందని గుర్తుంచుకోండి.

'పొలం పని చేసేవాళ్లకు షుగర్ రాదు' అన్న ధీమా కూడా వద్దు. దున్నడానికి ట్రాక్టరు, పొలం దాకా బండి, మందు కొట్టడానికి మనిషి. గట్టు మీద నిలబడి పని చేయించే రైతుకీ, ఆఫీసులో కుర్చీలో కూర్చునే ఉద్యోగికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. మనిషి సన్నగా ఉన్నంత మాత్రాన నమ్మకం పెట్టుకోవడానికీ లేదు. పాశ్చాత్యులతో పోలిస్తే భారతీయులకు తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే మధుమేహం వస్తుంది. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

పరీక్ష ఎవరికి? అంకెలు ఎలా చదవాలి?

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ షుగర్, బీపీ చూడాలన్నది మన జాతీయ కార్యక్రమం నియమం. ఇంట్లో అమ్మకో నాన్నకో ఉంటే, బరువు ఎక్కువుంటే, బీపీ ఉంటే, మెడ వెనక చర్మం నల్లగా మందంగా మారితే ముప్పై దాకా కూడా ఆగొద్దు. గర్భిణులకు ఈ పరీక్ష తప్పనిసరి. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తర్వాత పోయిందనుకున్నవారు ఆరు వారాలకు ఒకసారి, ఆ తర్వాత క్రమం తప్పకుండా చూపించుకోవాలి. వాళ్లకు ముందుముందు మధుమేహం వచ్చే ముప్పు ఎక్కువ. టీబీ ఉన్నవారికీ షుగర్ పరీక్ష చేయాలి. ఈ రెండూ ఒకదానికొకటి తోడవుతాయి.

పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు సరిహద్దు. 126, ఆపైన మధుమేహం. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 140 లోపు మామూలు. 140 నుంచి 199 సరిహద్దు. 200, ఆపైన మధుమేహం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 లోపుంటే మామూలు, 6.5, ఆపైన ఉంటే మధుమేహం. రక్తహీనత ఉన్నవారిలో ఈ సగటు లెక్క తప్పవచ్చు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కాబట్టి హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే పట్టుకోకూడదు. లక్షణాలేవీ లేనివారికి ఒక్క రిపోర్టుతో ముద్ర వేయకూడదు. మరోసారి పరీక్షించి ఖాయం చేసుకోవాలి. వేలికి గుచ్చి చూసే గ్లూకోమీటరు వెతకడానికి బాగుంటుంది. నిర్ధారణకు మాత్రం ల్యాబ్‌లో రక్తపరీక్షే చేయించాలి.

చిన్న పిల్లలు, కుర్రవాళ్లు కొద్ది వారాల్లోనే చిక్కిపోయి, విపరీతంగా మూత్రం పోస్తూ, వాంతులు, ఆయాసంతో ఉంటే రేపటిదాకా ఆగొద్దు. అది ఇన్సులిన్ తక్షణం కావాల్సిన టైప్-1 మధుమేహం కావచ్చు.

సరిహద్దులో ఉంటే అదృష్టవంతులే

నా సంగతీ చెబుతాను. నలభై మూడేళ్లప్పుడు నా పరగడుపు షుగర్ 118 వచ్చింది. రిపోర్టు మడిచి సొరుగులో పెట్టాను. 'ఈ డ్యూటీలు కాస్త తగ్గాక చూద్దాం' అనుకున్నాను. ఏడాది గడిచాక, ఆ రైతు అడిగిన ప్రశ్న విన్న రోజు సాయంత్రం మళ్లీ సొరుగు తెరిచాను. కోతలకూ డ్యూటీలకూ తేడా ఏముంది?

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. 13.6 కోట్ల మంది సరిహద్దులో ఉన్నారు. ఈ రెండో వర్గం గురించే మనం తక్కువ మాట్లాడుతున్నాం. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం సరిహద్దులో ఉన్న 531 మందిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో సరిపెట్టిన వారిలో మూడేళ్లలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. తిండి, నడక మార్చుకున్న వారిలో అది 39కి తగ్గింది. వాళ్లు చేసింది రోజూ ఓ అరగంట చురుకైన నడక, అన్నం, చక్కెర, నూనెల్లో కోత. అంతే. ఖరీదైన వైద్యం ఏదీ కాదు.

'మొదలుపెడితే జీవితాంతం వాడాలట కదా!'

జబ్బు బయటపడ్డాక మనవాళ్ల మొదటి భయం ఇదే. ఈ భయంతోనే మాత్రను ఆర్నెల్లు, ఏడాది వాయిదా వేస్తారు. ఇంకొందరు నెల రోజులు వాడి 'షుగర్ తగ్గింది, మానేశాను' అంటారు. తగ్గింది మాత్ర వల్లే. మోటారు కట్టేస్తే నీళ్లు ఆగినట్టే, మాత్ర ఆపితే చాలామందిలో షుగర్ మళ్లీ పెరుగుతుంది.

బ్రిటన్‌లో 1977లో మొదలైన యూకేపీడీఎస్ అధ్యయనంలో కొత్తగా మధుమేహం బయటపడిన ఐదు వేల మందికి పైగా చేరారు. 1998లో వచ్చిన ఫలితాల్లో, షుగర్‌ను గట్టిగా అదుపులో ఉంచినవారికి కళ్లు, కిడ్నీల వంటి చోట్ల చిన్న రక్తనాళాలు దెబ్బతినే ముప్పు నాలుగో వంతు తగ్గింది. మరో పదేళ్లకు, 2008లో మళ్లీ చూశారు. అప్పటికి అందరి షుగర్ ఇంచుమించు ఒకేలా మారిపోయినా, మొదట్లో అదుపులో ఉంచుకున్నవారికి ఆ మేలు కొనసాగుతూనే ఉంది. తొలి ఏళ్లలో పడిన జాగ్రత్త ఊరికే పోదని దీని అర్థం. జబ్బు కొత్తలోనే బాగా బరువు తగ్గినవారిలో కొందరికి మాత్రల అవసరం లేకుండా పోవడం కూడా ఉంది. అయితే ఆ నిర్ణయం డాక్టరుతో కలిసి తీసుకోవాలి. సొంతంగా కాదు.

ఇన్సులిన్ రాస్తే 'ఆఖరి దశా?' అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. 1922 జనవరిలో టొరంటోలో తొలిసారి ఇన్సులిన్ అందుకున్నది పద్నాలుగేళ్ల కుర్రాడు. చావు అంచు నుంచి వెనక్కి వచ్చాడు. అది ప్రాణం పోసే మందుగా పుట్టింది. ప్రాణం తీసే గుర్తుగా చూడకండి.

ఇంకో మాట. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చే ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉంటే షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది. తరచూ వాడే నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి. ఏం ఇస్తున్నారో అడిగి, చీటీ మీద రాయించుకోండి.

పళ్లెంలో ఏముంది?

మన ఇళ్లలో అన్నం ఒక వంటకం కాదు, అదే భోజనం. అందుకని అన్నం మానేయమని నేను చెప్పను. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం పప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావులో అన్నం. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నానికి వెళితే ఆకలి అక్కడే సగం తీరుతుంది. అన్నం మాని ఆరు చపాతీలు తింటే ఒరిగేదేమీ లేదు. జొన్న రొట్టె, కొర్రన్నం మంచివే. ప్రకాశం మెట్ట ఊళ్లలో మన తాతలు తిన్నది అదే. అయితే కొలత లేకుండా తింటే అవీ గ్లూకోజే. రాగులు మంచివని పెద్ద గ్లాసుడు రాగి జావ తాగేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. పిండి పట్టించి, పల్చగా ఉడికించిన జావ త్వరగా అరిగి షుగర్‌ను త్వరగా పెంచుతుంది.

'కారం తింటే షుగర్ తగ్గుతుందా?' అని గుంటూరులో అడక్కుండా ఉంటారా! కారం షుగర్‌కు మందు కాదు. కానీ పండుమిరప పచ్చడి, గోంగూర పళ్లెంలో ఉంటే నాలుగు ముద్దలు ఎక్కువ లోపలికి పోతాయి. అందులోని ఉప్పు బీపీని పెంచుతుంది. పచ్చడిని నాలుకకు రాసుకునేంతే వేసుకోండి.

పొలానికి వెళ్లేవారికి ఒక హెచ్చరిక. తెల్లవారుజామున గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా పనిలోకి దిగితే పది గంటలకల్లా షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక దాని గుర్తులు. ఎండదెబ్బ అనుకుని నీళ్లు చల్లి కూర్చోబెడతారు. తెలివి ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంటకు తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. జేబులో నాలుగు చక్కెర బిళ్లలు, సద్దిమూటలో తినడానికి ఏదో ఒకటి లేకుండా పొలం గట్టు ఎక్కొద్దు.

రోజూ ఒక నిమిషం పాదాలకు

రాత్రి పడుకోబోయే ముందు పాదాలు కడిగి, వేళ్ల మధ్య తడి తుడిచి, అరికాళ్లు చూసుకోండి. వంగలేని పెద్దవాళ్లు కింద అద్దం పెట్టుకుని చూడాలి. లేదా ఇంట్లోవాళ్లు చూడాలి. కల్లంలోనైనా, పత్తి మోళ్ల మధ్యనైనా కాలికి చెప్పులో బూట్లో ఉండాల్సిందే. చెప్పు వేసుకునే ముందు దులపండి. ఆనెలను బ్లేడుతో కోయొద్దు. తిమ్మిరి ఉందని వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దు. చిన్న పుండైనా రెండు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే ఆసుపత్రికి రండి. నొప్పి లేకపోతే మరీ త్వరగా రండి.

ఏడాదికోసారి నరాల స్పర్శ పరీక్ష, కంటి వెనక రెటీనా పరీక్ష, మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. బీపీ మాత్రం వచ్చిన ప్రతిసారీ. హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 లోపు ఉంటే మంచిది. పెద్ద వయసువారికి, తరచూ షుగర్ పడిపోయేవారికి కాస్త సడలింపు ఉంటుంది.

మా వైపు తప్పూ ఉంది

అంతా ప్రజల అజాగ్రత్తే అంటే అది న్యాయం కాదు. ఓపీలో రద్దీకి తలవంచి రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపే డాక్టర్లలో నేనూ ఒకణ్ని. షుగర్ ఎంతని అడుగుతాం, చెప్పులు విప్పమని అడగం. స్పర్శ చూడటానికి కావాల్సిందల్లా ఒక నైలాన్ పోగు, ఒక నిమిషం. ఆ నిమిషం కేటాయించడం మా పని.

విలేజ్ హెల్త్ క్లినిక్‌లు, పీహెచ్‌సీల్లో షుగర్ పరీక్ష, మాత్రలు ఉచితం. అవి పగలు తెరిచి ఉంటాయి. కోతల కాలంలో మనుషులు పగలు పొలంలో ఉంటారు. పరీక్ష కోసం కూలీ పోగొట్టుకోమంటే ఎవరు వస్తారు? జనవరి నుంచి ఏప్రిల్ దాకా వారానికి ఒక సాయంత్రం కల్లాల దగ్గరికే ఏఎన్‌ఎం, ఆశా గ్లూకోమీటరుతో వెళ్లాలి. యార్డు గేటు దగ్గర ఒక బల్ల వేయాలి. నిలకడగా ఉన్న రోగులకు సీజన్‌లో నెలకు బదులు రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. పంటల క్యాలెండర్ చూసి పని వేళలు మార్చుకుంటే చాలు.

ఈ పేజీ చదువుతున్న మీలో చాలామంది గుంటూరులోనో, ఒంగోలులోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. అమ్మానాన్నలు ఊళ్లో ఉంటారు. ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు 'అన్నం తిన్నావా నాన్నా?' అని ఎలాగూ అడుగుతారు. 'షుగర్ ఎప్పుడు చూపించుకున్నావు? కాళ్లు చూసుకున్నావా?' అని కూడా అడగండి. 'కోతలయ్యాక చూద్దాంలేరా' అంటే ఊరుకోకండి. ఆ రైతు కొడుకు ఇప్పటికీ నాతో అనే మాట ఒకటే. 'నేను రోజూ ఫోన్ చేసేవాణ్ని సార్. ఇదొక్కటే అడగలేదు.'